పూజారి లేనివేళ నుంచి నడిబజారు దాకా: తెలుగు దళిత కవిత ఎవరితో మాట్లాడుతోంది?

క్లుప్తంగా: తెలుగు దళిత కవిత్వాన్ని వస్తువును బట్టి చదవడం అలవాటు. అంటరానితనం, ఆకలి, ఊచకోత, ఆత్మగౌరవం అని పద్దులు రాసుకుంటూ పోతాం. కవిత ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతోందో చూస్తే వందేళ్ల మార్పు ఇంకా తేటగా కనిపిస్తుంది. మొదట దేవుడికి విన్నపం, తర్వాత ఊరికి నిలదీత, దానికి సమాంతరంగా సొంత వాడకు, అంటే ఊరి బయటి దళితవాడకు, పిలుపు, ఆపైన దళితులు తమలో తాము అడుగుతున్న లెక్క. వినేవాడు మారిన ప్రతిసారీ ఛందస్సు, మాట, చివరికి క్రియల కాలం కూడా మారాయి. ఎస్సీ వర్గీకరణ (ఎస్సీ కోటాను ఉపకులాల వారీగా పంచడం) మీద 2024లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఈ కవిత్వంలోని పాత చర్చలు మళ్లీ పైకి వచ్చాయి.

ఎవరు రాస్తే దళిత కవిత?

కులాన్ని ఖండించిన ప్రతి పద్యాన్నీ ఒకే గాటన కట్టేయడం పాఠ్యపుస్తకాల్లోనూ జయంతి సభల్లోనూ మామూలే. వేమన, గురజాడ, జాషువా, శివసాగర్ ఒకే వరసలో నిలబడతారు. వీళ్లంతా కులాన్ని కాదన్నవాళ్లే, అనుమానం లేదు. కాదన్న తీరు మాత్రం ఒకటి కాదు. ఆ తేడా పట్టుకోవడానికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు, వ్యాకరణం చాలు.

గురజాడ 'లవణరాజు కల'లోని ఈ ముత్యాలసరం చాలామందికి నోటికి వచ్చినదే:

మంచి చెడ్డలు మనుజులందున
ఎంచి చూడగ రెండె కులములు;
మంచి యన్నది మాల యైతే
మాల నేనగుదున్.

ఈ మాట అంటున్నవాడు మాల కాడు. అవుతానంటున్నాడు, అదీ 'ఐతే' అన్న షరతు మీద. షరతు పెట్టే వెసులుబాటు పైమెట్టు మీద ఉన్నవాడికే ఉంటుంది. పుట్టుకతో మాల అయినవాడికి ఆ 'ఐతే'తో పనిలేదు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ కవి ఇంతమాట అనడం చిన్న తెగువ కాదు. కానీ పద్యం వింటున్నది అగ్రహారమే. సవర్ణుడు సవర్ణుడికి చెప్పుకున్న సంస్కరణ పాఠం అది, ఆ మేరకు గొప్ప పాఠం.

దళిత కవిత్వం అన్న పేరు తెలుగులో గట్టిపడింది 1985 తర్వాత. నిర్వచనానికి రెండు కొలతలు వాడుకలో ఉన్నాయి: రాసినవారి పుట్టుక, రాసినదానిలోని చైతన్యం. మొదటిదొక్కటే పట్టుకుంటే దళితులు రాసిన ప్రతి వెన్నెల కవితా ఇందులోకి వచ్చేస్తుంది. రెండోదొక్కటే పట్టుకుంటే సానుభూతిపరులు రాసిందంతా వచ్చిపడుతుంది. 1990ల సంకలనకర్తలు, విమర్శకులు చాలావరకు ఈ రెండూ కలిసే చోట గీత గీశారు. గీతకు అటూ ఇటూ పడేవాళ్ల మీద తగాదా ఇంకా తెగలేదు.

గబ్బిలం చెవిలో వేసిన మాట

గుర్రం జాషువా (1895–1971) వినుకొండలో పుట్టారు. 'గబ్బిలం' తొలి భాగం 1941లో వచ్చింది. కట్టుబడి కాళిదాసు 'మేఘదూతం'ది: అక్కడ యక్షుడు, మేఘం, దూరాన ప్రేయసి, ఇక్కడ తంజావూరులోని పేరులేని అరుంధతీయుడు (మాదిగ), గబ్బిలం, కాశీలో విశ్వనాథుడు. రాత్రివేళ గుడిసెలోకి వచ్చిన గబ్బిలం రెక్కల గాలికి ఆముదపు దీపం ఆరిపోతుంది. ఆ చీకట్లోంచి కావ్యం మొదలవుతుంది.

దూతగా గబ్బిలాన్ని ఎంచుకోవడంలోనే సగం వాదన ఉంది. లోకం దాన్ని అపశకునం అంటుంది. అయినా అది గుడిలో దర్జాగా వేలాడుతుంది, తరిమేవాడు ఉండడు. మనిషికి లేని ఆలయ ప్రవేశం గబ్బిలానికి ఉంది. ఇక ఈ తేటగీతి చూడాలి:

ఆలయంబున నీవు వ్రేలాడువేళ
శివుని చెవి నీకు కొంత చేరువుగ నుండు
మౌని ఖగరాజ్ఞి! పూజారి లేనివేళ
విన్నవింపుము నాదు జీవిత చరిత్ర

'విన్నవింపుము' అన్నది అర్జీ భాష. కానీ ఆ అర్జీ వెళ్లే దారిలో ఒక్క మనిషి కూడా లేడు. చెప్పేవాడు, పక్షి, దేవుడు, అంతే. పూజారి పక్కకు వెళ్లేదాకా ఆగమంటున్నాడు. మనిషన్నవాడు వినడన్నదే ఈ పద్యంలోని అభియోగం. గొంతు పెంచకుండానే, ఒక వేళను సూచించే మాటలో దాన్ని పెట్టేశాడు కవి.

జాషువా పద్యాన్నే ఎందుకు పట్టుకున్నారన్నది మరో ప్రశ్న. ఆ కాలానికి పద్యం ఒక అర్హతాపత్రం. యతిప్రాసలు తప్పితే వస్తువు దాకా ఎవరూ వచ్చేవారు కారు, ఛందోదోషం దగ్గరే కవిని పక్కన పెట్టేసేవారు. ఆ సాకు దొరకనివ్వకపోవడం అవసరమైంది. సాకు లేకుండా చేయడమే కాక, ఛందస్సు చేతే పని చేయించారాయన. ఉదాహరణకు:

వాని రెక్కల కష్టంబు లేనినాడు
సస్యరమ పండి పులకింప సంశయించు

తేటగీతి పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదట యతి చెల్లాలి, అంటే పాదం మొదటి అక్షరానికి అక్కడి అక్షరం జత కుదరాలి. మొదటి పాదంలో 'వా'కు 'లే' యతి కాదు, అందుకే రెండో అక్షరాన్ని కలిపే ప్రాసయతి వేశారు: 'వాని'–'లేని'. ఫలితంగా పాదంలో చెవికి గట్టిగా తగిలే జంట ఈ రెండు మాటలదే అయింది. వాడు, లేకపోవడం. ఆ శ్రమజీవి లేనినాటి పొలాన్ని ఊహించుకోమని అర్థం చెబుతుంటే, అదే జతను యతిస్థానం చెవిలో మోగిస్తోంది. ఛందస్సును అలంకారంగా వాడటానికీ ఆయుధంగా వాడటానికీ ఉన్న తేడా ఇలాంటి చోట తెలుస్తుంది.

పద్యం వల్ల మరో లాభమూ కలిగింది. జాషువా శ్మశానవాటిక పద్యాలు 'హరిశ్చంద్ర' నాటకంలోకి వెళ్లి ఊరూరా మోగాయి. కవి ఎవరో, ఏ కులమో తెలియకుండానే వన్స్‌మోర్లు కొట్టించుకున్న పద్యాలవి.

పరిమితులు కూడా ఆ చట్రంలోనే ఉన్నాయి. చదువుకు దూరంగా ఉంచబడ్డ కథానాయకుడు తన గురించి రాసిన పద్యాన్ని తాను చదువుకోలేడు. వినేవాడు దేవుడు కాబట్టి బదులు వస్తుందన్న హామీ లేదు. అయితే ఇదే కావ్యంలో నాలుగు వర్ణాల వ్యవస్థను 'నాలుగు పడగల హైందవ నాగరాజు' అన్న కవి కేవలం వేడుకోలు రాశాడని చెప్పలేం. 'విశ్వనరుడ నేను' అని ప్రకటించుకున్న జాషువాను దళిత కవి అనవచ్చా అన్న చర్చ ఇక్కడి నుంచే పుట్టింది. ఆయన్ను కులంలో బంధిస్తున్నారని కొందరు, ఆయన కావ్యంలోని కులాన్ని దాచేస్తున్నారని కొందరు. రెండో ఫిర్యాదుకే బలం ఎక్కువ: 'గబ్బిలం'లోంచి కులాన్ని తీసేస్తే దూత అవసరమే ఉండదు.

అదే బాణీ, వేరే దొర

'గబ్బిలం' కన్నా ముందే, 1920ల తొలినాళ్లలో, రాజమండ్రికి చెందిన కుసుమ ధర్మన్న మరో దారి తొక్కారు. గరిమెళ్ల సత్యనారాయణ 'మాకొద్దీ తెల్లదొరతనము' ఊరూరా మారుమోగుతున్న కాలం. ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అని రాశారు. మారింది ఒక్క మాట. తెల్లవాడు పోయాక దొర ఎవరన్న ప్రశ్న ఆ ఒక్క మాటతో జాతీయోద్యమం మధ్యలోకి వచ్చి నిలబడింది. జనం నోట ఉన్న పాటను పట్టుకోవడం వల్ల కొత్త పాట విన్న ప్రతివాడికీ పాత పాట గుర్తొస్తుంది. రెంటినీ పోల్చుకోక తప్పదు.

ఆ ధైర్యం గాలిలోంచి రాలేదు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన మహాసభ, నాలుగు వర్ణాల బయటివాళ్లని చెప్పే 'పంచమ' అన్న పేరును తోసేసి 'ఆది ఆంధ్ర' అన్న పేరు పెట్టుకుంది. పేరు మార్చుకున్నవాళ్లే దొరతనం పేరునూ మార్చి పిలిచారు.

తర్వాతి నాలుగైదు దశాబ్దాల గురించి ఇక్కడ ఎక్కువ చెప్పనక్కర్లేదు. బోయి భీమన్న నిలకడగా రాశారు, 'గుడిసెలు కాలిపోతున్నాయి'కి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అభ్యుదయ, విప్లవ కవిత్వాలు కూలివాణ్ని, పీడితుణ్ని నాయకుణ్ని చేశాయి. ఆ కూలివాడి ఇల్లు ఊళ్లో ఉందా, వాడలో ఉందా అన్నది మాత్రం ఆ కవితల్లో అరుదుగా తెలుస్తుంది.

1985: వినేవాడు ఎదురుగా నిలబడ్డాడు

1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. గొడవ మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది. తాగే నీళ్లను మైలపరచవద్దని మాదిగలు అన్నందుకు. బతికినవాళ్లు చీరాలకు చేరి అక్కడే శిబిరం వేసుకున్నారు. ఆ సెప్టెంబరులో దళిత మహాసభ ఏర్పడింది. బొజ్జా తారకం అధ్యక్షుడు, కత్తి పద్మారావు ప్రధాన కార్యదర్శి. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. మృతులను ఊరి నడుమ పాతిపెట్టి ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఊరి చివర ఉండాల్సిన శ్మశానం ఊరి మధ్యకు రావడమే ఒక నిరసన.

కవిత్వం ఈ రెండు ఘటనల తర్వాతే ఎందుకు పోటెత్తిందంటే మూడు కారణాలు కలిశాయి. దాడి చేసినవాళ్లు పాత నవలల్లోని గడీ దొరలు కారు. కాలువ నీళ్లతో, వ్యాపారంతో, రాజకీయ పలుకుబడితో ఎదిగిన కొత్త సంపన్న రైతులు. ఫ్యూడలిజం పోతే కులం దానంతటదే పోతుందన్న నమ్మకం కారంచేడులో తలకిందులైంది. రెండోది చదువు. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో ఉండి చదివిన మొదటి తరం అప్పటికి విశ్వవిద్యాలయాల్లో, బ్యాంకుల్లో, పత్రికల్లో ఉంది. మూడోది అంబేద్కర్. 1991 శతజయంతి నాటికి ఆయన రచనలు తెలుగులో చేతులు మారుతున్నాయి. మరాఠీలో దళిత రచయితల ఉద్యమం దళిత పాంథర్స్ 1972లోనే పుట్టింది. తెలుగులో ఆ కెరటం పదమూడేళ్లు ఆలస్యమైందంటే వామపక్ష కవిత్వం ఇక్కడ అంత బలంగా ఉండటం ఒక ముఖ్య కారణం. కోపానికి అప్పటికే ఒక ఇల్లు ఉంది, కాకపోతే ఆ ఇంటికి కులం పేరు రాసిన గది లేదు.

ఆ ఇంట్లోంచే వచ్చినవాడు శివసాగర్ (కె.జి. సత్యమూర్తి, 1931–2012). నక్సలైట్ పార్టీ పీపుల్స్ వార్ నిర్మాతల్లో ఒకరైన ఆయన 1980ల్లో కుల ప్రశ్న మీద పార్టీతో తెగతెంపులయ్యాక రాసిన 'నడుస్తున్న చరిత్ర'లో పురాణం తిరగబడుతుంది. శంబూకుడు చిరునవ్వుతో రాముణ్ని వధిస్తుంటాడు, ఏకలవ్యుడు ద్రోణుడి బొటనవేలు నరికేస్తుంటాడు, బలి వామనుణ్ని పాతాళానికి తొక్కేస్తుంటాడు. చిన్న కవిత, పాత్రల స్థానాలు తారుమారు చేయడం తప్ప వర్ణన లేదు. బలమంతా క్రియల్లో ఉంది. 'చంపాలి' అని విధ్యర్థకం వాడి ఉంటే నినాదం అయ్యేది. 'చంపాడు' అంటే అబద్ధం అయ్యేది. '-తున్నాడు' అన్న వర్తమానం వల్ల పాఠకుడు తన కళ్ల ముందే జరుగుతున్న పనిగా చూస్తాడు. శీర్షికలోని 'నడుస్తున్న' కూడా అదే ప్రత్యయం.

కలేకూరి ప్రసాద్ 'పిడికెడు ఆత్మగౌరవం కోసం'లో కీలకం సర్వనామం. ఎప్పుడు పుట్టానో తెలియదుగానీ వేల ఏళ్ల కిందట ఈ గడ్డ మీదే చంపబడ్డానని మొదలుపెడతాడు 'నేను'. అంతకాలం బతికే మనిషి ఉండడు కాబట్టి ఆ 'నేను' ఒక జాతి అని మొదటి వాక్యానికే తెలిసిపోతుంది. అయినా అతను 'మేము' అనడు. 'మేము' అంటే అది తీర్మానం అవుతుంది, 'నేను' అంటే వాంగ్మూలం. 'చంపబడ్డాను' అన్న కర్మణి రూపం తెలుగు మాటల్లో సహజంగా వినిపించదు. మనం 'చంపేశారు' అంటాం. ఆ అసహజత వల్లే వాక్యం ఎఫ్ఐఆర్‌లా వినిపిస్తుంది: శవం ఉంది, చంపినవాడి పేరు నమోదు కాలేదు.

ఈ దశలో 'మీరు' అన్న సంబోధన కవితల్లోకి వెల్లువలా వచ్చింది. గబ్బిలం అక్కర్లేదు, పూజారి వెళ్లేదాకా ఆగనక్కర్లేదు. 1995లో జి. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ సంపాదకత్వంలో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' ఈ కవులను ఒకచోట చేర్చింది. ఆ సంకలనం తర్వాత దళిత కవిత్వం ఉందా లేదా అన్న చర్చ ముగిసి, ఎలా ఉండాలన్న చర్చ మొదలైంది.

శీర్షికలు చేసిన పని

ఈ దశలో వచ్చిన పుస్తకాల పేర్లను వరసగా చదివినా వ్యూహం అర్థమవుతుంది. ఎదుటివాడి సొత్తు అనుకున్న మాటను, లేదా ఎదుటివాడు తిట్టుగా వాడిన మాటను తీసుకుని దాని దిశ మార్చడం.

సతీష్ చందర్ 'పంచమ వేదం'లో 'పంచమ'కు రెండు అర్థాలు. వినడానికి కూడా హక్కు లేదన్న నాలుగు వేదాల పక్కన ఐదోది, నాలుగు వర్ణాల బయట నిలబెట్టిన ఐదోవాడిది. మద్దూరి నగేష్‌బాబు 'నరలోక ప్రార్థన' చర్చిలో ప్రతివారం చెప్పే పరలోక ప్రార్థనలో ఒక్క అక్షరం మార్పు. కోస్తా దళితవాడల్లో క్రైస్తవం ఎంత లోతుగా ఉందో తెలియని పాఠకుడికి ఈ మార్పులోని కొంటెతనం సగమే అందుతుంది. ఆయన మరో పుస్తకం పేరు 'వెలివాడ'. శిఖామణి 'కిర్రు చెప్పుల భాష' అన్నప్పుడు చెప్పులు కుట్టేవాడే ఊరి వీధిలో చెప్పులు తొడుక్కోకూడదన్న కట్టడి గుర్తుకొస్తుంది. కిర్రుమన్న చప్పుడే అక్కడ ధిక్కారం.

నాగప్పగారి సుందర్రాజు 'చండాల చాటింపు' ఇంకాస్త లోతుకు పోతుంది. చాటింపు మాదిగలకు ఊరు అప్పగించిన వెట్టి. పరాయివాళ్ల కబురు డప్పు కొట్టి చెప్పాలి. ఇక్కడ చాటింపు వేసేవాడు తన కబురే చెబుతున్నాడు. ఇక 'చండాలం' మాట సంగతి: వంట బాగాలేకపోయినా, సినిమా నచ్చకపోయినా 'చండాలంగా ఉంది' అనేస్తారు తెలుగువాళ్లు, అదొక కులం పేరన్న స్పృహే లేకుండా. ఆ మాటను పుస్తకం అట్ట మీద పెద్దక్షరాల్లో చూసి ఉలిక్కిపడిన పాఠకుడు, తర్వాత దాన్ని వాడబోతూ ఒక్క క్షణం ఆగితే శీర్షిక పని చేసినట్టే.

వచన కవితను ఎంచుకోవడమూ ఇలాంటి నిర్ణయమే. ఛందస్సు రాక వదిలేశారన్న ఎత్తిపొడుపు అప్పట్లో వినిపించింది. మాండలిక క్రియలను, వాడ మాటలను వృత్తాల్లో ఇరికిస్తే అవి నలిగి గ్రాంథికం అయిపోతాయన్నది అసలు ఇబ్బంది. 'బూతులు రాస్తున్నారు' అన్న ఆరోపణకు వచ్చిన జవాబు మరీ సూటిది: కులం పేరునే తిట్టుగా వాడే భాషలో సభ్యత హద్దు ఎక్కడుందో తేల్చేది ఎవరు?

పాట లెక్క వేరు

1991 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీల అక్షరాస్యత మూడోవంతుకు కూడా చేరలేదు. అచ్చయిన కవిత ఎంత పదునుగా ఉన్నా అది చేరేది చదువుకున్నవాళ్లకే, అంటే చాలావరకు సవర్ణ పాఠకుడికే. 'మీరు' అన్న నిలదీత అచ్చులో అంత బలంగా ఉండటానికి ఇదీ ఒక కారణం. సొంత వాడతో మాట్లాడాలంటే పాట కావాలి.

పాటకు నిర్మాణ సూత్రాలు వేరు. పల్లవి ఒక్కసారి వినగానే గుంపు అందుకోగలగాలి. చరణం పొడుగైతే కోరస్ చేజారుతుంది. ప్రతి చరణం విడిగా నిలబడాలి, ఎందుకంటే ఊరూరా గాయకుడు చరణాలు మారుస్తాడు, కలుపుతాడు. గూడ అంజయ్య 'ఊరు మనదిరా, ఈ వాడ మనదిరా' పల్లవిలో ఊరినీ వాడనూ పక్కపక్కన పెట్టి రెంటికీ 'మనది' అన్న ఒకే మాట తగిలించాడు. ఊరు–వాడ గీతను చెరపడానికి ఇంతకన్నా పొదుపైన వాక్యం దొరకదు. మాస్టార్జీ 'అందుకో దండాలు బాబా అంబేద్కరా' నేరుగా అంబేద్కర్‌ను పిలుస్తుంది. జాషువా నాయకుడు కాశీ విశ్వనాథుడి చెవి కోసం వెతికాడు, ఇక్కడ వినేవాడు తమవాడే.

డప్పు సంగతి లేకుండా ఈ భాగం పూర్తికాదు. గుండ్రటి కర్ర చట్రానికి తోలు బిగించి, వాయించే ముందు మంటకు కాచి శ్రుతి రప్పిస్తారు. కాపు చాలకపోతే మెత్తగా మొద్దుగా పలుకుతుంది, ఎక్కువైతే తోలు పగులుతుంది. కుడిచేతిలో పొట్టి సిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెనపుల్ల. పెళ్లికి, జాతరకు, చావుకు, చాటింపుకు దెబ్బలు వేరు వేరు. తరాలుగా ఇవన్నీ పరాయివాళ్ల సందర్భాలకు కొట్టిన దెబ్బలే. ఉద్యమ పాటకు డప్పు పట్టడంతో అదే చెయ్యి, అదే వాద్యం, యజమాని మాత్రం మారిపోయాడు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి జనం నోట 'దండోరా' అయింది. ఒక వెట్టిపని పేరు ఒక ఉద్యమానికి పేరైంది.

కొంగు

దళిత స్త్రీల కవిత్వానికి వినేవాళ్లు ఇద్దరు, ఒక్కోసారి ముగ్గురు. పెత్తందారీ కులం, సొంత ఇంట్లోని మగవాడు, వీళ్లతో పాటు 1990ల స్త్రీవాద కవయిత్రి. జూపాక సుభద్ర 'కొంగు' కవిత ఈ మూడోవైపు తిరిగి మాట్లాడిన తీరు గమనించదగ్గది. సవర్ణ స్త్రీకి కొంగు సిగ్గుకు గుర్తు. స్త్రీవాదికి అది తెంచుకోవలసిన కట్టు. సుభద్ర కవితలో కొంగు రొమ్ము మీద కాపలా కాదు, కూలిపనిలో పొద్దంతా తోడుండే బట్ట. ఒకే గుడ్డముక్క మూడు చోట్ల మూడు అర్థాలు ఇస్తుంటే 'స్త్రీ' అన్న ఒకే మాట అందరికీ ఎలా సరిపోతుందన్నది కవిత లోపలి వాదన. వాదనను వాదనగా చెప్పలేదు, కొంగు చేసే పనులు చెప్పి ఊరుకుంది.

చల్లపల్లి స్వరూపరాణి 'మంకెన పూవు' కోస్తా నుంచి ఇదే సంభాషణను కొనసాగించింది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' 1921 నుంచి దళిత స్త్రీలు రాసినవాటిని ఒకచోట పోగుచేసింది. అప్పటిదాకా 'దళిత స్త్రీలు రాయలేదు' అన్న మాట విమర్శలో చెలామణీ అయింది. రాయకపోవడం కాదు, వెతకకపోవడం అని ఆ పుస్తకం తేల్చింది.

వాడ లోపలి లెక్క

దండోరా తర్వాత ప్రశ్న లోపలికి తిరిగింది. 'దళిత' అన్న గొడుగు కింద మాల, మాదిగ, రెల్లి, ఉపకులాలన్నీ ఒకటేనా? చదువు, ఉద్యోగం, సంకలనాల్లో చోటు ఎవరికి ఎంత? సుందర్రాజు సంపాదకత్వంలో వచ్చిన 'మాదిగ చైతన్యం' ఈ ప్రశ్నను సాహిత్యంలో బాహాటంగా పెట్టింది. ఎండ్లూరి సుధాకర్ (1959–2022) రెండు పుస్తకాల పేర్లు ఈ ప్రయాణానికి రెండు గుర్తులు. 1998లో 'కొత్త గబ్బిలం', జాషువాకు వారసత్వం. 2004లో 'వర్గీకరణీయం', వర్గీకరణ మీద దీర్ఘకవిత.

అదే 2004లో సుప్రీంకోర్టు చిన్నయ్య కేసులో ఉమ్మడి రాష్ట్రపు వర్గీకరణ చట్టాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6–1 మెజారిటీతో ఆ తీర్పును పక్కనపెట్టి వర్గీకరణ చెల్లుతుందంది. 2025లో తెలంగాణ 15 శాతం కోటాను మూడు గ్రూపులకు 1, 9, 5 శాతాలుగా పంచింది. ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5గా పంచింది. ఇరవై ఏళ్ల నాటి కవితలను ఇప్పుడు కొత్తగా పంచుకుంటున్నవాళ్లు రెండు వైపులా ఉన్నారు. ఐక్యత చెదిరిందని బాధపడే కవితలు, లెక్క తేలనిదే ఐక్యత ఎక్కడిదనే కవితలు. రెండో రకానివి నిర్మాణంలో బిగువుగా ఉంటాయి. ఎందుకంటే అవి ఎదుటివాడికి తెలిసిన భాషలోనే, ఊరిని నిలదీయడానికి ఇద్దరూ కలిసి తయారు చేసుకున్న భాషలోనే, ఇద్దరిలో ఒకరిని నిలదీస్తాయి.

ఎక్కడ తేలిపోతుంది

ఈ కవిత్వంలో విఫలమైనవీ చాలానే ఉన్నాయి. అవి ఎందుకు విఫలమయ్యాయో చెప్పడం దాన్ని తగ్గించడం కాదు.

ఎక్కువగా కనిపించేది జాబితా జబ్బు. శంబూకుడు, ఏకలవ్యుడు, కారంచేడు, చుండూరు, డప్పు, చెప్పు, చీపురు అన్నీ ఒక్క కవితలోకి వచ్చేస్తాయి. శివసాగర్ పురాణాన్ని తిప్పినప్పుడు ప్రతి పాత్రకూ ఒక పని ఇచ్చారు. అనుకరణల్లో పేర్లు మిగిలాయి, పనులు పోయాయి. 'మీరు' అన్న నిలదీతకూ ఇదే గతి. ఎదుట ఎవరున్నారో తెలిసినంతకాలం అది పదునుగా ఉంటుంది. సభలో అందరూ తమవాళ్లే అయినప్పుడు అదే గొంతుతో చదివితే ఖాళీ కుర్చీని తిట్టినట్టుంటుంది.

పాఠకుల వైపు తప్పులు వేరు. విశ్వవిద్యాలయ పాఠ్యప్రణాళికల్లో దళిత కవిత ప్రత్యేక యూనిట్‌గా ఉంటుంది; ప్రశ్న ఎప్పుడూ 'వస్తువును వివరించండి' అనే. శిల్పం మీద ప్రశ్న శ్రీశ్రీకీ కృష్ణశాస్త్రికీ దక్కుతుంది. జాషువా ప్రాసయతినీ, కలేకూరి సర్వనామాన్నీ పక్కనపెట్టి కవితను సామాజికశాస్త్ర పత్రంలా చదవడం కూడా ఒక రకంగా వాడ చివర కూర్చోబెట్టడమే. అనువాదాల్లో మరో చిక్కు. ఇంగ్లీషులో 2010ల నుంచి తెలుగు దళిత రచనల పెద్ద సంకలనాలు వచ్చాయి, ఇతర రాష్ట్రాల పాఠకులకు ఇవే ఆధారం. కానీ 'నరలోక ప్రార్థన'లోని ఒక్క అక్షరం గానీ, 'చండాలం'లోని రోజువారీ నిర్లక్ష్యం గానీ అనువాదంలో నిలవదు. కోపం దాటుతుంది, చమత్కారం ఒడ్డునే ఉండిపోతుంది. అందుకే బయటివారికి తెలుగు దళిత కవిత్వం అసలు ఉన్నదానికన్నా ఎక్కువ కోపంగా కనిపిస్తుంది.

కవిత, కోర్టు, గుడారం

ఇంత కవిత్వం వల్ల ఏం మారిందన్న ప్రశ్నకు నేరుగా జవాబు దొరకదు. 1989లో ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం రావడానికి కారంచేడు తర్వాతి ఉద్యమం ఒక నేపథ్యం, కవితలు ఆ ఉద్యమంలో భాగం. అంతకుమించి చెబితే అతిశయోక్తి. చుండూరు కేసులో ఆ ఊళ్లోనే నెలకొల్పిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం విధించింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. అప్పటి పాటలు, కవితలు తర్వాత కూడా ఏటా ఆగస్టులో వినిపిస్తున్నాయి. కోర్టు రికార్డులో నేరం ఎవరిదో తేలలేదు, పాటల్లో మాత్రం ఎప్పుడో తేలిపోయింది. రెండు రికార్డులూ పక్కపక్కనే ఉన్నాయి.

మాటల ప్రయాణాన్ని మాత్రం కొంత పట్టుకోవచ్చు. 'వెలివాడ' ఒకప్పుడు ఊరి పటంలో ఒక దిక్కు, అనడానికి సిగ్గుపడే చిరునామా. 1990ల్లో అది కవితా సంపుటి అట్ట మీదికి ఎక్కింది. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టళ్ల నుంచి వెలేసిన రోహిత్ వేముల, మరో నలుగురు పరిశోధక విద్యార్థులు క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర ఆరుబయట గుడారం వేసుకుని దానికి ఆ పేరే పెట్టారు. గోడలుగా నిలబెట్టినవి అంబేద్కర్, ఫూలే లాంటివారి బొమ్మలున్న ఫ్లెక్సీలు. ఆ నెల 17న రోహిత్ చనిపోయాక దేశమంతటి నుంచి వచ్చిన విలేకరులు ఆ తెలుగు మాటను అనువదించకుండా అలాగే రాసుకున్నారు.